ఈ క్రియకు కర్త ఎవరు?

“ఎన్‌కౌంటర్ చెయ్యాలె కొడుకులను!”

మన ఇండ్లల్లో, హోటళ్లలో, బస్సుల్లో ఈ మాట ఇప్పుడు చాలా మామూలుగా వినిపిస్తోంది. టీవీలో ఒక ఘోరం చూపిస్తే చాలు, పెద్దపల్లి బస్టాండు ముందు చాయ్ తాగేవాళ్ల నోట ముందుగా వచ్చేది ఇదే. చదువు రానివాళ్లు అంటున్నారు, చదువు చెప్పే సార్లు అంటున్నారు, నల్లకోటు వేసుకున్న వకీళ్లు కూడా అంటున్నారు. “చంపుండ్రి” అని పోలీసులను అడగడానికి వీళ్లలో చాలామందికి నోరు రాదు. “ఎన్‌కౌంటర్ చెయ్యుండ్రి” అనడానికి మాత్రం ఎవరికీ జంకు లేదు. రెండింటి అర్థం ఒకటే. మొదటిది అంటే హత్య చేయమని అడిగినట్టు అడిగినవాడికే తెలిసిపోతుంది. రెండోది అంటే న్యాయం కోరినట్టు అనిపిస్తుంది. ఒక ఇంగ్లిష్ క్రియ మనకు చేసిపెట్టిన ఉపకారం ఇది: హత్యను కోరుకుంటూనే మంచివాళ్లుగా ఉండిపోయే వీలు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒకప్పుడు ఈ ఉత్తర తెలంగాణలో ఆ మాట ప్రభుత్వం మీద జనం మోపిన నేరం. ఇవాళ అదే మాట ప్రభుత్వానికి జనం పెట్టుకునే అర్జీ అయింది. నేరాన్ని అర్జీగా మార్చుకున్న సమాజం తన మెడ తానే ఇచ్చుకుంటోంది. దీన్ని ఆపాలె.

ముందు ఆ క్రియ పుట్టుక చూద్దాం. లాటిన్‌లో ‘కాంట్రా’ అంటే ఎదురుగా, వ్యతిరేకంగా అని. దానికి ముందు ‘ఇన్’ చేరి ‘ఇన్‌కాంట్రా’ అయింది. ఎదుట, ముందర అని అర్థం. పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో అది ఇంగ్లిష్‌లోకి వచ్చింది. అప్పుడు దాని అర్థం శత్రువుకు ఎదురుపడడం, పోరులో తలపడడం. అనుకోకుండా ఒకరినొకరు కలవడం అనే మెత్తటి అర్థం పదహారో శతాబ్దంలో గానీ రాలేదు. ఇటాలియన్‌లో దీని తోబుట్టువైన క్రియకు కలుసుకోవడం అని అర్థం. స్పానిష్‌లో దొరకడం, కనుగొనడం. దేశాన్ని చెప్పే ‘కంట్రీ’ కూడా ఈ ‘కాంట్రా’ సంతానమే. కంటి ఎదుట పరుచుకున్న నేల అని దాని తొలి భావం. అమెరికాలో 1960లలో మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ వంటివారు మనుషులను గుండ్రంగా కూర్చోబెట్టి మనసు విప్పి మాట్లాడించిన బృందాలకు ఎన్‌కౌంటర్ గ్రూపులనే పేరు. ఇవాళ్టికీ ఇంగ్లిష్ మాట్లాడేవాడు పాత స్నేహితుణ్ని ఎన్‌కౌంటర్ చేస్తాడు, ఒక కష్టాన్ని ఎన్‌కౌంటర్ చేస్తాడు. ఆ స్నేహితుడు సాయంత్రం క్షేమంగా ఇంటికి పోతాడు.

మాట పుట్టుకలోనే పోరు ఉంది కదా, మనవాళ్లు పాత అర్థానికే తిరిగి పోయారు కదా అని ఎవరైనా అడగవచ్చు. పోలేదు. ఏడు వందల ఏళ్లుగా ఆ క్రియ ఎన్ని అర్థాలు మార్చుకున్నా ఒక్కటి మాత్రం వదలలేదు: ఇద్దరు ఉండాలి, ఎదురెదురుగా ఉండాలి. పోరైనా సరే, చూపు కలవాలి. మన ‘ఎదురు’ది కూడా ఇదే గుణం. ఎదురుపడడానికి ఇద్దరు కావాలి. పెండ్లిలో ఎదుర్కోళ్లకు పిల్ల తరఫువాళ్లు ఊరి పొలిమేరకు పోయి పిలగాని తరఫువాళ్లను తీసుకొస్తారు. అటువైపు ఎవరూ లేకుంటే ఎదుర్కోళ్లే లేవు. ఎదురుతిరగడానికి కూడా అవతల ఒకడు నిలబడాలి. చేతులు కట్టేసిన మనిషి ఎవరికీ ఎదురుపడలేడు. అతణ్ని కాల్చడాన్ని ఎదురుకాల్పులు అనడం ఇంగ్లిష్‌కూ ద్రోహమే, తెలుగుకూ ద్రోహమే.

తెలుగులోకి వచ్చాక ఆ క్రియకు మూడు రూపాలు వచ్చాయి. మూడూ మూడు నోళ్లవి. “ఎన్‌కౌంటర్ జరిగింది” అన్నది పోలీసుల ప్రకటన, దాన్ని దించుకున్న పత్రికల భాష. వాన కురిసింది అన్నట్టే, చేసినవాడు ఎవడూ ఉండడు. “ఎన్‌కౌంటర్ అయ్యిండు” అన్నది భయపడ్డ ఊరి మాట. చచ్చిపోయినవాడే వాక్యానికి కర్త. జ్వరం తెచ్చుకున్నట్టు అతనే ఏదో తెచ్చుకున్నట్టు ఉంటుంది. “ఎన్‌కౌంటర్ చేసిండ్రు” అన్నది మూడో రూపం. అందులో చేసినవాడు ఉన్నాడు, అతని చేత పోయినవాడు ఉన్నాడు. ఏ వ్యాకరణం చదవని తల్లులు ఒక అకర్మక క్రియను సకర్మకం చేసి, ప్రభుత్వం దాచిన కర్తను పట్టి వాక్యం ముందుకు లాక్కొచ్చిన రూపం అది. “నా కొడుకును ఎన్‌కౌంటర్ చేసిండ్రు” అన్న వాక్యం సాక్ష్యం. ఈ జిల్లాలో ఆ కాలానికి మిగిలిన నికార్సయిన సాక్ష్యం చాలావరకు అదే.

ఆ సాక్ష్యం ఊరికే రాలేదు. శ్రీకాకుళంలో నక్సలైటు నాయకులు, 1969లో పంచాది కృష్ణమూర్తి, 1970లో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఎదురుకాల్పుల్లో చనిపోయారని చెప్పిన నాటి నుంచి ఈ మాట తెలుగు పత్రికల్లో స్థిరపడింది. ఎమర్జెన్సీ మొదలైన నెలకే, 1975 జూలైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులు పోయారు. ఎమర్జెన్సీ ముగిశాక జస్టిస్ తార్కుండే కమిటీ ఆ ఘటనలను తవ్వి, పట్టుకొచ్చి కాల్చినట్టు తేల్చి చెప్పింది. ప్రభుత్వం భార్గవ కమిషన్ వేసింది. ఆ విచారణ చివరిదాకా సాగనే లేదు. తర్వాత మన దాకా వచ్చింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర. వెట్టి చేయబోమని, పాలేర్ల జీతాలు పెంచమని వేలమంది నడిచారు. ఆ ఏడు ముగిసేలోపు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆనాటి నుంచి పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ క్రియ ఊరూరికీ తెలిసింది. జగిత్యాలలో గోపి రాజన్న, వరంగల్‌లో డాక్టర్ రామనాథం, కరీంనగర్‌లో జాప లక్ష్మారెడ్డి వంటి హక్కుల కార్యకర్తలు 1980లలో హత్యకు గురయ్యారు. చనిపోయినవాళ్ల గురించి అడిగినవాళ్లనూ చంపిన కాలం అది.

ఆనాటి పత్రికలు తీసి చదవండి. పోలీసు ప్రకటనల్లో ఊరు పేరు, తేదీ మారుతాయి, మిగతాదంతా ఒకటే. నమ్మకమైన సమాచారం మేరకు గాలింపు జరుపుతుండగా నక్సలైట్లు తారసపడ్డారు. లొంగిపొమ్మంటే వినకుండా కాల్పులు జరిపారు. ఆత్మరక్షణ కోసం పోలీసులు ఎదురుకాల్పులు జరిపారు. అరగంట తర్వాత చూస్తే గుర్తు తెలియని మృతదేహాలు కనిపించాయి. మిగిలినవారు చీకట్లో పారిపోయారు. ఒక తుపాకీ, రెండు కిట్‌బ్యాగులు, విప్లవ సాహిత్యం దొరికాయి. ఇంత తక్కువ మాటల్లో ఒక హత్యానేర విచారణను పుట్టకముందే పూడ్చిపెట్టడానికి వీలు చిక్కింది ఆ ఒక్క మాట వల్లనే. “పోలీసులు కాల్చి చంపారు” అని రాస్తే వెంటనే ప్రశ్నలు వస్తాయి. ఎవరు కాల్చారు, ఎందుకు కాల్చారు, ఎంత దూరం నుంచి కాల్చారు, తూటా ఎటు నుంచి తగిలింది? “ఎన్‌కౌంటర్ జరిగింది” అని రాస్తే ప్రశ్నే ఉండదు, జవాబు మాటలోనే ఉంది కాబట్టి. హక్కుల సంఘాలు దాని ముందు ‘బూటకపు’ అని చేర్చి పోరాడాయి. ఆ పోరాటానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ విశేషణం కూడా ఒక మెట్టు దిగడమే. బూటకం అన్నది కథ గురించి చెబుతుంది, శవం గురించి చెప్పదు. మనిషిని చంపి కథ అల్లితే దాన్ని హత్య అనాలి.

అయితే నక్సలైట్లు చంపలేదా? చంపారు. దాన్ని దాటవేసి రాసే వ్యాసానికి ఈ జిల్లాలో విలువ ఉండదు. ఒక్క 1999 తీసుకోండి. మంథని నుంచి గెలిచి శాసనసభాపతిగా పనిచేసిన దుద్దిళ్ల శ్రీపాదరావును ఆ ఏడాది ఏప్రిల్ 13న మహదేవపూర్ అడవుల్లో నక్సలైటు పార్టీ పీపుల్స్‌వార్ కాల్చి చంపింది. సెప్టెంబరు 4న, ఒకప్పుడు కరీంనగర్ ఎస్పీగా ఉన్న ఉమేశ్ చంద్రను హైదరాబాద్ ఎస్.ఆర్.నగర్ నడిరోడ్డు మీద వెంటపడి చంపారు. డిసెంబరు 2న ఆ పార్టీ నాయకులు నల్లా ఆదిరెడ్డి, సంతోష్‌రెడ్డి, శీలం నరేశ్ కొయ్యూరు అడవిలో ఎదురుకాల్పుల్లో చనిపోయారని పోలీసులు చెప్పారు. బెంగళూరులో పట్టుకొని తెచ్చి చంపారని పార్టీ, హక్కుల సంఘాలు చెప్పాయి. ఒకే ఏడాది, ఒకే జిల్లా చరిత్ర. శ్రీపాదరావు మీద మోపిన నేరమేమిటో ఏ కోర్టూ వినలేదు. ఆదిరెడ్డి మీద మోపిన నేరాలనూ ఏ కోర్టూ వినలేదు. అటువాళ్లు ‘శిక్ష’ అన్నారు, ఇటువాళ్లు ‘ఎన్‌కౌంటర్’ అన్నారు. ఈ రెండు మాటలూ ఒక తీరువే. రెండూ విచారణ లేని చావుకు ముసుగు కప్పినవే. ఈ సంగతిని మొహమాటం లేకుండా చెప్పిన హక్కుల కార్యకర్త బాలగోపాల్ ఆ కారణంగానే 1998లో పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చి మానవ హక్కుల వేదికను నిర్మించిన మనుషుల్లో ముందున్నాడు. కానీ ఒక తేడా మరువకూడదు. అడవిలో ఉన్నవాడు చట్టాన్ని కాదని ప్రకటించి పోయినవాడు. పోలీసు చట్టం పేరు మీద జీతం తీసుకొని, చట్టం ఇచ్చిన తుపాకీ పట్టుకున్నవాడు. అతను కూడా చట్టాన్ని వదిలేస్తే, అడవిలో ఉన్నవాడు చెప్పిందే నిజమని అతనే రుజువు చేసినట్టు అవుతుంది.

పోలీసుకు ప్రాణం తీపి కాదా, ఎదుటివాడు కాలిస్తే ఊరుకోవాలా అని అడుగుతారు. ఊరుకోనక్కర లేదు. ఆత్మరక్షణ హక్కు మన నేర చట్టంలో ఉంది. అది నాకూ ఉంది, మీకూ ఉంది, పోలీసుకూ ఉంది. నేను ఆత్మరక్షణ కోసం ఒకణ్ని చంపితే నా మీద హత్యానేరం కింద కేసు కడతారు; కోర్టుకు పోయి నా ప్రాణానికి ముప్పు వచ్చిందని నేను రుజువు చేసుకోవాలి. పోలీసు చంపితే చనిపోయినవాడి మీద కేసు కడతారు: పోలీసుల మీద హత్యాయత్నం అని. శవం నిందితుడవుతుంది, చంపినవాడు ఫిర్యాదిదారు అవుతాడు. ఆ తర్వాత నిందితుడు చనిపోయాడు కాబట్టి కేసు మూసేస్తారు. ఈ దేశంలో ఒక మనిషిని చంపి విచారణ లేకుండా బయటపడే దారి ఇంత సాఫీగా ఇంకెవరికీ లేదు.

దీన్ని సరిచేయాలని చెప్పింది నేనొక్కణ్నే కాదు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదు మీదే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996లో ఈ పద్ధతిని తప్పుపట్టింది. 1997 మార్చిలో కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ వెంకటాచలయ్య అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ లేఖ రాశారు. 2009 ఫిబ్రవరి 6న మన హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టంగా చెప్పింది: పోలీసు చేతిలో మనిషి చనిపోతే నేరంగా నమోదు చేయాలి, ఆత్మరక్షణ అన్నది కోర్టులో తేలాలి అని. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు పోయి స్టే తెచ్చుకుంది. 2014 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టే పి.యు.సి.ఎల్. అనే హక్కుల సంఘం వేసిన కేసులో 16 నియమాలు పెట్టింది. ఎఫ్.ఐ.ఆర్. కట్టాలి. దర్యాప్తు సి.ఐ.డి. గానీ వేరే స్టేషన్ బృందం గానీ చేయాలి. మెజిస్టీరియల్ విచారణ జరగాలి. వెంటనే పతకాలు, పదోన్నతులు ఇవ్వకూడదు. ఈ నియమాల వెనక మన గడ్డ మీది శవాలు కూడా ఉన్నాయి. తెలుగు తల్లుల “చేసిండ్రు” అన్న మాట కూడా ఢిల్లీ దాకా పోయి చట్టంలో చేరింది. ఇన్నేళ్లు కష్టపడి తెచ్చుకున్న దాన్ని మనం ఒక్క వారంలో పారేశాం.

ఆ వారం 2019 నవంబరు చివర మొదలైంది. దానికి ముందు ఒక రిహార్సల్ ఉంది. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోసిన కేసులో ముగ్గురు యువకులను పోలీసులు మూడు రోజుల్లోపే కాల్చి చంపారు. అప్పటి ఎస్పీకి పూలదండలు పడ్డాయి. పదకొండేళ్ల తర్వాత, ఒక యువతిని చెరిచి చంపిన దిశ కేసు వచ్చినప్పుడు ఆయనే సైబరాబాద్ కమిషనర్. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు చనిపోయారు. వంతెన మీది నుంచి జనం పోలీసుల మీద పూలు చల్లారు. మిఠాయిలు పంచారు. పటాకులు కాల్చారు. అప్పుడు తెలుగులో ఆ క్రియ నాలుగో రూపం ఎత్తింది: “ఎన్‌కౌంటర్ చెయ్యాలె”. చేసిండ్రు అని ఏడ్చిన భాషలోనే చెయ్యాలె అని అరిచారు.

సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికొచ్చింది. నిందితులు పిస్తోళ్లు లాక్కొని పారిపోయారన్న కథ నమ్మదగ్గది కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారణ జరపాలని ఆ కమిషన్ చెప్పింది. పూలు చల్లిన చేతులు ఆ నివేదికను తెరిచి చూడలేదు. ఇప్పుడు ఆ నలుగురూ దోషులో కాదో ఏ కోర్టూ చెప్పలేదు, ఇక ఎప్పటికీ చెప్పలేదు. దిశకు న్యాయం జరిగిందని అనుకునేవాళ్లు ఒక్క క్షణం ఆలోచించాలి. ఎవరు ఏం చేశారో సాక్ష్యాలతో తేల్చి, ఇదిగో నేరస్థుడు అని తీర్పు చెప్పించుకునే హక్కు ఆమె కుటుంబానిది. పోలీసులు చంపింది ఆ హక్కును కూడా.

కోర్టులకు పోతే ఇరవై ఏళ్లు పడుతుందని అంటారు. ఆ మాటకు జవాబు మన ఆదిలాబాద్‌లోనే ఉంది. దిశ ఘటనకు మూడు రోజుల ముందు, నవంబరు 24న, ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకొని బతికే ఒక దళిత మహిళను ముగ్గురు చెరిచి చంపారు. ఆమెకు సమత అని పేరు పెట్టారు. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు సాక్షులను విని, ముగ్గురినీ దోషులుగా తేల్చి, 2020 జనవరి 30న ఉరిశిక్ష వేసింది. డెబ్బై రోజులు కూడా పట్టలేదు. ఆ ఉరిని మీరు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు; దోషం తేలిందా లేదా అన్నదే నా ప్రశ్న. తేలింది. తలచుకుంటే కోర్టు రెండు నెలల్లో పని చేయగలదని తేలింది. కానీ దేశం ఆమె పేరు మరిచిపోయింది. ఆమె కోసం కొవ్వొత్తులు తక్కువ వెలిగాయి. బీద దళిత స్త్రీకి తీర్పు ఇచ్చిన కోర్టుకు ఎవరూ దండం పెట్టలేదు. తుపాకీకి మాత్రం పూలు దొరికాయి. కోర్టులు ఆలస్యం చేస్తాయన్నది నిజంగా మన బాధ అయితే మనం జడ్జిలను పెంచమని, ప్రత్యేక కోర్టులు పెట్టమని, ఫోరెన్సిక్ ల్యాబులు కట్టమని కలెక్టరేట్ ముందు కూర్చునేవాళ్లం. మనకు కావలసింది న్యాయం కాదు, కసి తీరడం. ఆ రెండింటినీ ఒకటే అనుకోనిచ్చేది ఈ మాటే.

ఎవరిని చంపుతారు చూడండి. వరంగల్, చటాన్‌పల్లి రెండు చోట్లా చనిపోయినవాళ్లు సామాన్యుల పిల్లలు. నాయకుడి కొడుకు మీద, పెద్ద కాంట్రాక్టరు మీద అఘాయిత్యం కేసు వస్తే ఎవరూ తెల్లవారుజామున వంతెన కిందికి తీసుకుపోరు. వాళ్లకు వకీళ్లుంటారు, బెయిలుంటుంది, ఛాతీ నొప్పి వస్తే పెద్ద ఆసుపత్రి ఉంటుంది. ‘ఎన్‌కౌంటర్ చెయ్యాలె’ అని బస్టాండులో అరిచే మనిషి తన కొడుకు ఎప్పుడైనా తప్పుడు కేసులో ఇరుక్కుంటే ఆ వ్యాను ఎక్కేది ఆ కొడుకే అని తెలుసుకోవాలి.

ఇంకో సంగతి ఈ జిల్లావాళ్లకు నేను చెప్పనక్కర లేదు, కళ్లతో చూశాం. 2021 ఫిబ్రవరి 17న మంథని నుంచి వస్తున్న న్యాయవాద దంపతులు గట్టు వామన్‌రావు, నాగమణిని రామగిరి మండలం కల్వచర్ల దగ్గర పట్టపగలు నడిరోడ్డు మీద నరికి చంపారు. మంథని స్టేషన్‌లో జరిగిన ఒక లాకప్ మరణాన్ని హైకోర్టు దాకా తీసుకుపోయినవాళ్లు వాళ్లు. ఆ వారమంతా నా చెవిన పడింది ఆ ఒక్క మాటే: “పట్టుకున్నోళ్లను ఎన్‌కౌంటర్ చెయ్యాలె.” ఒకవేళ చేసి ఉంటే ఏమయ్యేది? కత్తి పట్టినవాళ్లతోనే కథ అయిపోయేది. వాళ్ల వెనక ఎవరున్నారన్న ప్రశ్న వాళ్లతో పాటే మట్టిలో కలిసేది. నిందితులు బతికి ఉన్నారు కాబట్టే వామన్‌రావు తండ్రి సుప్రీంకోర్టు దాకా పోయి 2025లో ఈ కేసును సి.బి.ఐ.కి అప్పగించేలా చేయగలిగాడు. పోలీసుల చేతిలో చావుల మీద కొట్లాడిన ఇద్దరు వకీళ్లకు న్యాయం పోలీసుల చేతిలో చావు ద్వారా రావాలనడం వాళ్లను రెండోసారి చంపడమే.

చచ్చినవాడు సాక్ష్యం చెప్పడు. కొందరికి కావలసింది అదే. ఒకప్పటి నక్సలైటు నయీం ఏళ్ల తరబడి హత్యలు చేశాడు, భూములు గుంజుకున్నాడు. పోలీసుల అండ లేకుండా అతను అంతకాలం బతకడం సాధ్యమా అని రాష్ట్రమంతా అడిగింది. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో అతన్ని కాల్చి చంపారు. ఇండ్ల నిండా నోట్లు, బంగారం, కాగితాలు దొరికాయని చెప్పారు. అండగా ఉన్నది ఎవరో చెప్పవలసిన నోరు మాత్రం దొరకలేదు. ఎన్‌కౌంటర్ నేరస్థుణ్ని చంపుతుందని జనం అనుకుంటారు. అది ముందు చంపేది అతని వాంగ్మూలాన్ని.

ఇక మా పెద్దపల్లి. మావోయిస్టు నాయకులైన మల్లోజుల వారి ఇద్దరు అన్నదమ్ములను తలచుకోకుండా ఈ మాట ముగించలేను. అన్న కోటేశ్వరరావును, దేశమంతా కిషన్‌జీ అని పిలిచినవాణ్ని, 2011 నవంబరు 24న పశ్చిమ బెంగాల్ బురిశోల్ అడవిలో ఎదురుకాల్పుల్లో చంపామని బలగాలు చెప్పాయి. పట్టుకొని హింసించి చంపారని హక్కుల సంఘాలు అన్నాయి. ముప్పై ఏళ్లకు పైగా కొడుకును చూడని తల్లి దగ్గరికి ఈ పట్టణానికి శవం వచ్చింది. తమ్ముడు వేణుగోపాల్ 2025 అక్టోబరులో గడ్చిరోలిలో పదుల సంఖ్యలో సహచరులతో కలిసి ఆయుధాలు అప్పగించాడు. ఇద్దరి దారి ఒకటే, ఇద్దరి మీదా కేసులు బోలెడు. 2010లో శిల్దా శిబిరం మీద దాడిలో 24 మంది జవాన్లు చనిపోతే, అది మేమే చేశామని కిషన్‌జీ స్వయంగా విలేకరులకు చెప్పాడు. ఆ జవాన్ల భార్యాబిడ్డలకు దక్కవలసింది అతన్ని కోర్టు బోనులో నిలబెట్టి అడిగే అవకాశం. బతికి ఉన్న తమ్ముణ్ని ఇవాళ ఎవరైనా ప్రశ్నించవచ్చు, అతను జవాబు చెప్పవచ్చు, చెప్పకపోతే నిలదీయవచ్చు. చచ్చిపోయిన అన్నను కొలిచేవాళ్లు కొలుస్తారు, తిట్టేవాళ్లు తిడతారు; ఎవరికీ నిజం దక్కలేదు. 2010 జూలైలో ఆదిలాబాద్ వాంకిడి అడవిలో మావోయిస్టు నాయకుడు ఆజాద్‌తో పాటు విలేకరి హేమచంద్ర పాండే చనిపోయినప్పుడు కూడా ఇదే గతి. అది నిజమైన ఎదురుకాల్పులేనని సి.బి.ఐ. చెప్పింది, కాదని కుటుంబాలు అన్నాయి. గణతంత్రం తన బిడ్డలను తానే చంపుకోకూడదని సుప్రీంకోర్టు మందలించింది ఆ కేసులోనే.

కాబట్టి నా పిలుపు ఇది. పత్రికలవాళ్లు ‘ఎన్‌కౌంటర్ జరిగింది’ అని రాయడం ఆపాలి. ‘పోలీసుల కాల్పుల్లో ఫలానా మనిషి చనిపోయాడు, ఎదురుకాల్పులని పోలీసులు చెబుతున్నారు’ అని రాయాలి. అది నిజం, అంతకు మించి ఆ రోజు ఎవరికీ తెలియదు. బడిలో సార్లు పిల్లలు ఆ మాట అన్నప్పుడు నవ్వి ఊరుకోకుండా, చంపమంటున్నావా బిడ్డా అని అడగాలి. వకీళ్ల సంఘాలు ప్రతి పోలీసు కాల్పుల చావు మీదా 16 నియమాలు అమలయ్యాయో లేదో అడిగి తెలుసుకొని జనానికి చెప్పాలి. ఓట్లడగ వచ్చిన నాయకుడు ఎన్‌కౌంటర్లు చేయిస్తానని గొప్పలు పోతే, నువ్వు ఎమ్మెల్యేవా, హంతకుల నాయకుడివా అని సభలోనే లేచి అడగాలి.

ప్రభుత్వాన్ని అడిగేది ఒకటే. సిర్పూర్కర్ కమిషన్ వేలు చూపిన ఆ పదిమంది పోలీసులను సెషన్స్ కోర్టు ముందు నిలబెట్టండి. వాళ్లను ఎవరూ కాల్చకూడదు, కొట్టకూడదు, అవమానించకూడదు. వాళ్లకు మంచి వకీళ్లు ఉండాలి. వాళ్ల తరఫు సాక్షులను కోర్టు ఓపికగా వినాలి. ఆత్మరక్షణ కోసమే కాల్చామని వాళ్లు రుజువు చేసుకుంటే తల ఎత్తుకొని ఇంటికి పోవాలి. చేసుకోలేకపోతే జైలుకు పోవాలి. చటాన్‌పల్లిలో ఆ నలుగురికి దక్కనిది ఆ పదిమందికీ దక్కాలి. అందరికీ ఒకే చట్టం అంటే ఇదే. దీనికి ఒప్పుకోనివాడు న్యాయం గురించి నాతో మాట్లాడవద్దు.